ఖాళీ జాగాకూ ఒక పద్దు

ఖరగ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న హిజ్లీలోని ఆ పాత భవనం ఉన్న చోటనే ఉంది. లోపలి మనుషులే మారుతూ వచ్చారు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం చేసింది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రను, తారకేశ్వర్ సేన్‌గుప్తాను పొట్టనపెట్టుకున్నది అక్కడే. 1942లో శిబిరం మూతపడ్డాక, యుద్ధకాలంలో అది అమెరికా బాంబర్ కమాండ్‌కు కార్యాలయమయింది. 1951లో దేశంలోని మొట్టమొదటి ఐఐటీ ఆ గదుల్లోనే పాఠాలు మొదలుపెట్టింది. ఇప్పుడది నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం. జాగా ఒకటే. ఏ రోజున అందులో ఎవరున్నారో చెప్పాలంటే మాత్రం ఎక్కడో ఒకచోట రాసిపెట్టి ఉండాలి.

కంప్యూటర్ జ్ఞాపకశక్తి సంగతీ అచ్చం ఇంతే. ర్యామ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ చిన్న చిన్న పేజీలుగా విడగొడుతుంది. చాలా యంత్రాల్లో పేజీ అంటే 4 కిలోబైట్లు. ఒక్కో పేజీకి ఒక్కో అంకె ఉంటుంది, అది మారదు. అందులో చేరే సరుకు మాత్రం క్షణక్షణం మారిపోతుంది: ఇప్పుడొక ఫైలు ముక్క, కాసేపటికి ఒక ప్రోగ్రాము తాలూకు లెక్కలు, ఆ తర్వాత ఏమీ లేదు. ఈ రాకపోకలన్నీ రాసుకోవడానికి కెర్నెల్ ఒక చిట్టా పెట్టుకుంటుంది. 64 బిట్ల లైనక్స్‌లో ఒక్కో పేజీకి పట్టే పద్దు సుమారు 64 బైట్లు. 4096 బైట్ల సరుకుకు 64 బైట్ల పద్దు అంటే మొత్తం మెమరీలో అరవైనాలుగో వంతు లెక్క రాసుకోవడానికే పోతుంది. హిజ్లీ ఐఐటీ ప్రాంగణంలో 17,680 కోర్లతో నడుస్తున్న సూపర్ కంప్యూటర్ పరమ్ శక్తి వంటి వ్యవస్థల్లో, ఒక యంత్రానికి 192 గిగాబైట్ల మెమరీ ఉందనుకుంటే, అందులో 3 గిగాబైట్లు చిట్టాకే.

ఈ చిట్టాను ఏ పద్ధతిలో పేర్చాలన్నదే ఈ వ్యాసం విషయం. కెర్నెల్ రాసేవాళ్లు దీన్ని మెమరీ మోడల్ అంటారు.

ఆ మాటతో ఒక చిక్కుంది. మన కాలేజీల్లో టర్బో సీ మీద చేయి తిప్పుకున్న తరానికి మెమరీ మోడల్ అంటే ఆప్షన్స్ మెనూలో కనిపించే టైనీ, స్మాల్, లార్జ్, హ్యూజ్. అది 8086 చిప్ సెగ్మెంట్ల గొడవ. ప్రాసెసర్ శాస్త్రజ్ఞులకు అదే మాట ఇంకో అర్థం: ఒక కోరు రాసినది ఇంకో కోరుకు ఏ వరుసలో కనబడాలి అన్న నియమం. లెస్లీ లాంపోర్ట్ 1979లో తేల్చి చెప్పిన సూత్రం దగ్గర మొదలై, డెక్ ఆల్ఫా ప్రాసెసర్ దగ్గర అందరికీ చెమటలు పట్టించిన సంగతి అది. ఇక్కడ చెప్పుకునేది మూడోది. భౌతికంగా ఉన్న ర్యామ్‌కు కెర్నెల్ రాసే జమాఖర్చు.

ర్యామ్ అంతా ఒకే వరుసలో సున్నా నుంచి చివరిదాకా ఉంటే ఎవరికీ ఏ బాధా లేదు. కానీ ఉండదు. మధ్యలో ఖాళీలుంటాయి. ఒక బోర్డు మీద మొదటి మెమరీ ముక్క ఒకచోట మొదలై అయిపోతుంది, రెండోది ఎంతో దూరంలో మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఉన్న అంకెలకు ర్యామే లేదు. మామూలు పీసీల్లో ఈ ఖాళీలు చిన్నవి. అరుదైన యంత్రాల్లో, అంటే పాత వర్క్‌స్టేషన్లలో, ఎంబెడెడ్ బోర్డుల్లో, ఒకప్పటి భారీ సర్వర్లలో, ఖాళీయే ఎక్కువ, ర్యామే తక్కువ.

ఖరగ్‌పూర్ వాళ్లకు దీన్ని బోధపరచడం తేలిక. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వాళ్లు తరలివచ్చి స్థిరపడిన ఊరది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి కారణం ఆ ఊరి తెలుగువాళ్లే. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, నింపురా, మథురాకాటీ అంటూ రైల్వే కాలనీలు విడివిడిగా ఉంటాయి. ఊరంతటి క్వార్టర్లకూ ఒకే వరుస అంకెలు వేశారనుకుందాం. ఒక కాలనీలో 1 నుంచి 400, తర్వాతి కాలనీలో 9,001 నుంచి. మధ్య అంకెలతో ఇళ్లు లేవు. ఎవరింట్లో ఎవరున్నారో రాసే గుమాస్తా ఏం చేయాలి?

మొదటి దారి: ఒకటే పెద్ద పుస్తకం. ప్రతి అంకెకూ ఒక గీత, ఇల్లున్నా లేకపోయినా. 9,001వ ఇల్లు కావాలంటే నేరుగా 9,001వ గీత దగ్గరికి పోవచ్చు, వెతుకులాట లేదు. లైనక్స్‌లో దీని పేరు ఫ్లాట్‌మెమ్. చిట్టా మొదలున్న చోటికి పేజీ అంకెను కలిపితే చాలు, పద్దు దొరుకుతుంది. ఒక్క కూడిక. ఇంతకంటే వేగమైన పద్ధతి లేదు, ఇంతకంటే సులువుగా అర్థమయ్యేదీ లేదు.

దండుగ ఎంతో చూడాలంటే మోటరోలా 68000 కుటుంబం దగ్గరికి వెళ్లాలి. అమిగా, అటారీ యంత్రాలు ఆ కుటుంబంవే. అమిగాలో చిప్ ర్యామ్ సున్నా దగ్గర మొదలవుతుంది, ఎక్కువలో ఎక్కువ 2 మెగాబైట్లు. జోరో 3 విస్తరణ కార్డుల ర్యామ్ సాధారణంగా 1 గిగాబైటు గుర్తు దగ్గర మొదలవుతుంది. అక్కడ 16 మెగాబైట్ల కార్డు పెట్టారనుకోండి. యంత్రంలో ఉన్న మొత్తం మెమరీ 18 మెగాబైట్లు. మధ్యనున్న గిగాబైటు ఖాళీకి 4 కిలోబైట్ల పేజీలు 2,62,144. 32 బిట్ల యంత్రం కనుక పద్దుకు 32 బైట్లే అనుకున్నా చిట్టా 8 మెగాబైట్లవుతుంది. లేని ఇళ్ల లెక్క రాయడానికి ఉన్న ఇళ్లలో సగానికి దగ్గరగా ఖాళీ చేయించినట్టు!

రెండో దారి: కాలనీకో పుస్తకం. 1999లో లైనక్స్‌లోకి వచ్చిన ఈ పద్ధతి పేరు డిస్‌కంటిగ్‌మెమ్. ఆ రోజుల్లో పెద్ద సర్వర్లు కొత్త తీరులో కట్టేవాళ్లు. నాలుగేసి ప్రాసెసర్లు ఒక గుంపు, ప్రతి గుంపుకూ దాని సొంత మెమరీ, గుంపుల మధ్య తీగలు. డెక్ వారసులు తెచ్చిన ఆల్ఫా సర్వర్ జీఎస్320లో ఇలాంటి గుంపులు ఎనిమిది, ప్రాసెసర్లు 32. ఒక్కో గుంపు చిరునామాలు 64 గిగాబైట్ల ఎడంతో మొదలయ్యేవి. ఆల్ఫా పేజీ 8 కిలోబైట్లు కాబట్టి, ఒక ఎడానికి 83 లక్షలకు పైగా పద్దులు, 64 బైట్ల చొప్పున 512 మెగాబైట్లు. 2000 సంవత్సరం ప్రాంతంలో అంత ర్యామ్ అంటే పెద్ద ఖర్చు. కాబట్టి గుంపుకో పుస్తకం పెట్టడం అప్పటికి సబబే. పేజీ అంకె చూసి ముందు ఏ గుంపో తేల్చాలి, ఆ గుంపు పుస్తకం తెరవాలి, అప్పుడు గీత వెతకాలి.

లోపం వేరే చోట ఉంది. ఆ మోడల్ రెండు విడి ప్రశ్నలను ఒకే ముడి వేసింది. ర్యామ్ ఎక్కడెక్కడ ఉంది అన్నది ఒక ప్రశ్న. ఏ ప్రాసెసర్‌కు ఏ ర్యామ్ దగ్గర అన్నది ఇంకో ప్రశ్న. ఒకటే ప్రాసెసర్ ఉండి, దూరదూరంగా రెండు ముక్కల ర్యామ్ ఉన్న బోర్డు కూడా రెండు గుంపులున్నట్టు నటించాల్సి వచ్చింది. అమిగాల లైనక్స్ పోర్టు అలాగే నటించింది. సైనాప్సిస్ ఆర్క్ ప్రాసెసర్ల పోర్టు అలాగే నటించింది. కెర్నెల్‌లో మిగిలిన భాగాలు గుంపులంటే నిజంగా గుంపులేనని నమ్మి పనిచేస్తాయి. ఆ అపార్థంలోంచి పుట్టే తప్పులు అరుదైన యంత్రాల మీదే బయటపడతాయి, పట్టుకునే మనుషులు అక్కడే తక్కువ.

మూడో దారి 2005లో వచ్చింది, 2.6.13 కెర్నెల్‌తో. స్పార్స్‌మెమ్. ఇందులో మొత్తం చిరునామాల పొడవును సమానమైన సెక్షన్లుగా కోస్తారు. ఎక్స్86 64 బిట్ల యంత్రాల్లో సెక్షన్ 128 మెగాబైట్లు. ర్యామ్ ఉన్న సెక్షన్‌కే చిట్టా ఉంటుంది, లేనిదానికి ఉండదు. కాలనీల సంగతి, ప్రాసెసర్ల సంగతి దీనికి పట్టదు. గుమాస్తా దగ్గర నూరేసి ఇళ్లకు ఒక పలచని పుస్తకం, ఏ పుస్తకాలున్నాయో చెప్పే ఒక సూచిక, అంతే. యంత్రం నడుస్తుండగానే ర్యామ్ చేర్చడం, తీయడం ఈ పద్ధతిలోనే కుదురుతుంది. కొత్త సెక్షన్‌కు కొత్త పుస్తకం తెరిస్తే సరి.

సూచిక మరీ పెద్దదవుతుందేమోనన్న భయం సహజం. 64 టెరాబైట్ల చిరునామాలను 128 మెగాబైట్ల లెక్కన కోస్తే 5,24,288 సెక్షన్లు. ఒక్కోదానికి 16 బైట్లు రాసినా 8 మెగాబైట్లు. దీన్ని రెండు అంచెలుగా చేసి, పైఅంచె మాత్రం ముందే కట్టి, కిందిది అవసరమైనప్పుడు కడితే మొదలు ఖర్చు 16 కిలోబైట్లకు దిగుతుంది. వేగం మాటేమిటన్న ప్రశ్నకు కెర్నెల్ రాసేవాళ్లలో ఒకరైన క్రిస్టోఫ్ లామెటర్ 2007లో జవాబిచ్చాడు. చిట్టా ముక్కలన్నీ కెర్నెల్ వర్చువల్ చిరునామాల్లో ఒకే వరుసలో ఉన్నట్టు కనబడేలా, వర్చువల్ చిరునామాలను అసలు ర్యామ్‌కు జతచేసే పేజీ టేబుళ్లతో కట్టాడు. ర్యామ్ లేని చోట్ల ఆ వరుసలో వెనక ఏమీ ఉండదు, కనుక ఖర్చు లేదు. పద్దు వెతకడం మళ్లీ ఒక్క కూడికే. ఫ్లాట్‌మెమ్ వేగం, స్పార్స్‌మెమ్ పొదుపు రెండూ చేతికొచ్చాయి. దీన్ని విమెమ్‌మ్యాప్ అంటారు. విండోస్ కెర్నెల్ తన పేజీల చిట్టా అయిన పీఎఫ్ఎన్ డేటాబేస్‌ను నిలబెట్టిన తీరూ ఈ దారికి దగ్గరే. ఫ్రీబీఎస్‌డీలోనూ డెన్స్, స్పార్స్ అని ఎంచుకునే రెండు రకాలున్నాయి. ఎవరికి వారు వేర్వేరుగా నడిచి ఇక్కడికే చేరారంటే ఆలోచనలో పట్టుందనే.

అయితే విమెమ్‌మ్యాప్‌కు రెండు షరతులున్నాయి. చిరునామాలను ఇలా మార్చే ఎమ్ఎమ్‌యూ అనే భాగం ప్రాసెసర్‌లో ఉండాలి, వర్చువల్ చిరునామాల్లో చాలినంత జాగా ఉండాలి. 32 బిట్ల యంత్రానికి మొత్తం వర్చువల్ జాగాయే 4 గిగాబైట్లు, అందులో కెర్నెల్ వాటా తరచుగా 1 గిగాబైటు. ఇక విమెమ్‌మ్యాప్ లేని పాత తరహా స్పార్స్‌మెమ్‌లో ప్రతి పద్దులోనూ అది ఏ సెక్షన్‌దో రాసుకోవాలి. దానికి వాడే 32 బిట్ల వర్డ్‌లోనే పేజీ జెండాలు, జోన్, గుంపు అంకె కూడా ఇరుక్కుని ఉంటాయి. పెళ్లింట్లో ఒకే గదిలో పది కుటుంబాలు సర్దుకున్నట్టు ఉంటుంది. కాబట్టి చిన్న యంత్రాలకు ఫ్లాట్‌మెమ్ ఇప్పటికీ మంచి ఎంపికే. పాతది కదా అని తోసిపారేసేవాళ్లు లెక్కలు చూడనివాళ్లు.

2020 చివర్లో మైక్ రాపోపోర్ట్ అనే కెర్నెల్ ఇంజినీరు ఈ మూడు దారులను రెండుకు తగ్గించే పని పెట్టుకున్నాడు. డిస్‌కంటిగ్‌మెమ్‌ను అంటిపెట్టుకుని మిగిలినవి అరుదైన యంత్రాలే. ఒక్కోదానికి విడిగా ఆలోచించి దారి చూపించిన తీరులోనే ఈ మొత్తం సమస్యకు సారం ఉంది. హెచ్‌పీ పీఏ రిస్క్ ప్రాసెసర్ల పోర్టు అప్పటికే, 2019లో, స్పార్స్‌మెమ్‌కు మారిపోయింది. ఆల్ఫాకు స్పార్స్‌మెమ్ ఇచ్చారు. ఇంటెల్ ఇటానియంను కూడా అటే నడిపించారు. అమిగాలకు, ఆర్క్‌కు మాత్రం స్పార్స్‌మెమ్ ఇవ్వలేదు. ఫ్లాట్‌మెమ్‌నే ఇచ్చి, ముందు పెద్ద చిట్టా కట్టి, ఖాళీలకు సంబంధించిన చిట్టా భాగాలను బూట్ సమయంలోనే తిరిగి ర్యామ్‌లోకి వదిలేసే ఏర్పాటు చేశారు. 32 బిట్ల ఆర్మ్‌లో ఏళ్లుగా నడుస్తున్న ఉపాయమే అది. ఇవన్నీ 2021 ఫిబ్రవరిలో 5.11తో వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో 5.14తో డిస్‌కంటిగ్‌మెమ్ పూర్తిగా పోయింది.

ఆ మార్పుల్లో ఒక వాక్యం దగ్గర ఎవరైనా ఆగిపోవాలి. ఆల్ఫాలో గుంపుల మద్దతు, అంటే జీఎస్320 లాంటి యంత్రాల కోసం డిస్‌కంటిగ్‌మెమ్‌తో ముడిపెట్టిన మద్దతు, పదిహేనేళ్లకు పైగా పనిచేయని స్థితిలో ఉన్నట్టు గుర్తు పెట్టి ఉంది. అంటే ఒక తరహా యంత్రాల కోసం కట్టిన ప్రత్యేక దారిలో పదిహేనేళ్లు ఎవరూ నడవలేదు. 1995లో లైనక్స్ ఇంటెల్‌ను దాటి అడుగుపెట్టిన తొలి 64 బిట్ల గడ్డ ఆల్ఫా. దాని పరిస్థితే ఇదయితే, పేరు కూడా వినని బోర్డుల సంగతి చెప్పనక్కరలేదు.

అరుదైన యంత్రానికి మెమరీ మోడల్ ఎంచేటప్పుడు ఎక్కువమంది చూసేది చిట్టా ఎన్ని బైట్లు మింగుతుంది, వెతకడానికి ప్రాసెసర్‌కు ఎన్ని ఆదేశాలు పడతాయి అన్న రెండే. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ దారిలో రోజూ ఇంకెవరు నడుస్తున్నారు? స్పార్స్‌మెమ్ దారిలో ప్రపంచంలోని లైనక్స్ సర్వర్లు దాదాపు అన్నీ నడుస్తున్నాయి. అక్కడ బగ్ పడితే వారం తిరక్కుండా ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆల్ఫాకు మనుషులు లేకపోయినా ఆ పట్టుకున్నవాళ్ల ఫలితం ఆల్ఫాకూ అందుతుంది. అమిగాకు ఇచ్చిన ఉపాయంలోనూ ఇదే తర్కం ఉంది, ఆర్మ్ వాళ్లు చాలాకాలం నడిచి నలిగిన బాట కనుక. అందులోనూ ప్రమాదం లేదని కాదు. ఖాళీ తాలూకు చిట్టాను వదిలేశాక, కెర్నెల్‌లో ఇంకేదో భాగం పేజీల్ని వరుసగా చూసుకుంటూ పోయి ఆ వదిలేసిన చోట చేయి పెడితే, పద్దు బదులు ఇంకెవరి సరుకో తగులుతుంది. అందుకే అలాంటి యంత్రాల్లో ఈ అంకెకు పద్దు ఉందా అని అడిగే చిన్న ఫంక్షన్ అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సినది.

ఖాళీలు పాతకాలపు జబ్బు అనుకుంటే పొరపాటు. ఆర్మ్ సంస్థ 2012లో ప్రచురించిన చిరునామాల పటంలో ర్యామ్‌కు మొదటి చోటు 2 గిగాబైట్ల గుర్తు దగ్గర, తర్వాతిది 34 గిగాబైట్ల దగ్గర, ఆపైది 544 గిగాబైట్ల దగ్గర. 64 బిట్ల ఆర్మ్ లైనక్స్‌లో చాలాకాలం సెక్షన్ 1 గిగాబైటు. అందులో కొద్ది ర్యామే ఉన్నా సెక్షన్ మొత్తానికీ 16 మెగాబైట్ల చిట్టా కట్టాల్సిందే. 2021లో 5.12తో దాన్ని 4 కిలోబైట్ల పేజీలకు 128 మెగాబైట్లకు తగ్గించారు. ఆ అంకెలో ఒక అందం ఉంది: 128 మెగాబైట్లలో పేజీలు 32,768, 64 బైట్ల చొప్పున చిట్టా సరిగ్గా 2 మెగాబైట్లు. అంటే ఒక సెక్షన్ చిట్టా 2 మెగాబైట్ల పెద్ద పేజీ ఒక్కదానిలో పట్టేస్తుంది, పేజీ టేబుల్లో ఒక్క గీతతో పని అయిపోతుంది.

మన దేశంలో ఈ ప్రశ్న ఎదురవక తప్పని చోట్లు ఇప్పుడే పెరుగుతున్నాయి. 1991లో ప్రభుత్వ సంస్థ సీడాక్ కట్టిన పరమ్ 8000కు ఈ తలనొప్పి లేదు. దాని ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌లు ఒక్కోటి సొంత మెమరీతో ఉండి తీగల మీద సందేశాలు పంపుకునేవి. ఎమ్ఎమ్‌యూ కూడా లేదు. 1998 నాటి పరమ్ 10000 అల్ట్రాస్పార్క్ మీద, 2003 నాటి పరమ్ పద్మ పవర్4 మీద నడిచాయి, ఆపరేటింగ్ సిస్టమ్‌లు సన్, ఐబీఎమ్‌లవి. చిట్టా గొడవ అమ్మినవాళ్లే చూసుకున్నారు. హిజ్లీలోని పరమ్ శక్తి ఇంటెల్ చిప్‌ల మీద నడుస్తుంది కనుక అందరూ నడిచే రాజమార్గంలోనే ఉంది.

సొంత ప్రాసెసర్ కట్టేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లు, సీడాక్ వేగా ప్రాసెసర్లు రిస్క్ ఫైవ్ అనే ప్రాసెసర్ నమూనా మీద కట్టినవి. ఐఐటీ బొంబాయి అజిత్ ప్రాసెసర్ స్పార్క్ వీ8 మీద కట్టినది, 32 బిట్లది. 2022 ఏప్రిల్లో కేంద్ర ప్రభుత్వం డిజిటల్ ఇండియా రిస్క్ ఫైవ్ కార్యక్రమం ప్రకటించాక ఇలాంటి బోర్డులు ఇంకా వస్తాయి. ర్యామ్ ఏ చిరునామాలో మొదలవ్వాలన్నది చిప్ గీసే రోజున ఒకరిద్దరు తీసుకునే నిర్ణయం. కెర్నెల్ రాసేవాళ్లు దాన్ని ఇరవై ఏళ్లు మోస్తారు.

రిస్క్ ఫైవ్ బోర్డుల్లో ర్యామ్ తరచుగా 2 గిగాబైట్ల గుర్తు దగ్గర మొదలవుతుంది. దాని కింద పరికరాల చిరునామాలుంటాయి. ఫ్లాట్‌మెమ్‌ను సున్నా నుంచి మొదలుపెడితే ర్యామ్ లేని ఆ 2 గిగాబైట్లకే 32 మెగాబైట్ల చిట్టా అవుతుంది. మొదలు అంకెను తీసివేసి లెక్కపెట్టే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఆ నష్టం తప్పించుకోవచ్చు. ర్యామ్ ఒకే ముక్కగా ఉన్న 32 బిట్ల బోర్డుకు, 8 మెగాబైట్ల ర్యామ్‌తో ఎమ్ఎమ్‌యూ లేకుండా లైనక్స్ నడిపిన కెండ్రైట్ కె210 లాంటి చిన్న చిప్‌కు ఫ్లాట్‌మెమే తగినది. ఎమ్ఎమ్‌యూ ఉన్న 64 బిట్ల చిప్ అయితే రెండో ఆలోచన లేకుండా స్పార్స్‌మెమ్ విమెమ్‌మ్యాప్. చిప్ గీసేవాళ్లు చేయగల మేలు ఒకటుంది: రెండో ర్యామ్ ముక్క మొదలును 128 మెగాబైట్ల గుణిజం మీద పెట్టడం. సగం సెక్షన్ దగ్గర మొదలుపెడితే మిగిలిన సగానికి పద్దులు ఊరికే పడి ఉంటాయి. నాలుగో దారి ఒకటి సొంతంగా వెయ్యాలన్న కోరిక ఎవరికైనా కలిగితే ఆల్ఫా పదిహేనేళ్లు గుర్తు చేసుకోవాలి.

పరీక్షల దగ్గర ఒక మెలిక మిగిలింది. పాత యంత్రాలు దొరకవు కనుక అందరూ క్యూఎమూ ఎమ్యులేటర్ మీద ఆధారపడతారు. క్యూఎమూలోని ఆల్ఫా బోర్డుకు ర్యామ్ ఒకే ముక్క. ఖాళీల కోసమే పుట్టిన కోడును ఖాళీ లేని యంత్రం మీద నడిపితే ఏం తెలుస్తుంది? రిస్క్ ఫైవ్‌కు, ఆర్మ్‌కు మాత్రం ఉపాయముంది. అక్కడ ర్యామ్ ఎక్కడుందో కెర్నెల్‌కు చెప్పేది డివైస్ ట్రీ అనే చిన్న ఫైలు. క్యూఎమూ చేతనే ఆ ఫైలు రాయించి, మెమరీ అన్న గీతలో ఉన్న ఒక్క జత అంకెలను రెండు జతలు చేసి, నడుమ 300 మెగాబైట్లు లేనట్టు దాచిపెట్టి, ఆ ఫైలుతోనే మళ్లీ బూట్ చేయాలి. 300ను 128తో భాగిస్తే శేషం మిగులుతుంది, కనుక సగంలో తెగిన సెక్షన్ కూడా పరీక్షకు వస్తుంది. ఒక మామూలు ల్యాప్‌టాప్ మీద, ఒక సాయంత్రంలో అయ్యే పని ఇది.